ఫోన్ స్క్రీన్‌పైనే పేషెంట్ కేసు.. మెడికల్ స్టూడెంట్స్‌కి ఆన్‌లైన్ పీబీఎల్ కోర్సు ఎలా తయారవుతుంది?

రాత్రి నేల మీద పడుకున్న ఓ రైతు తెల్లవారుజామున కడుపునొప్పితో లేచాడు. కనురెప్పలు వాలిపోతున్నాయి, మింగలేకపోతున్నాడు. ఒంటి మీద గాయం లేదు. ఏమై ఉంటుంది?

పాఠం చెప్పకముందే ఇలాంటి కేసును విద్యార్థుల ముందు పెట్టడమే ప్రాబ్లమ్ బేస్డ్ లెర్నింగ్.. షార్ట్‌గా పీబీఎల్. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969లో దీన్ని మొదలుపెట్టింది. తర్వాత నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్ సహా చాలా దేశాల మెడికల్ కాలేజీలు ఇదే బాట పట్టాయి. కొవిడ్ టైమ్‌లో కాలేజీలు మూతపడటంతో ఈ క్లాసులు ఆన్‌లైన్‌కి మారాయి.

కేసు ఎలా రాస్తారు?

ముందు రాసుకోవాల్సింది కథ కాదు.. విద్యార్థి ఏం నేర్చుకోవాలన్నది. పై కేసుకు జవాబు కట్లపాము కాటు. దీని కాటుకి గాట్లు, వాపు కనిపించకపోవచ్చు. విషం నరాల నుంచి కండరాలకు వెళ్లే సంకేతాన్ని అడ్డుకుంటుంది. ఈ ఒక్క కేసులోనే అనాటమీ, ఫిజియాలజీ, ఫార్మకాలజీ కలిసి వస్తాయి.

జవాబు ముందే తెలిసిపోతే ఆలోచించే పనే ఉండదు. అందుకే వివరాలను విడతలవారీగా ఇస్తారు. మొదట లక్షణాలు, తర్వాత పరీక్షల ఫలితాలు, ఆపై ఊపిరి మందగించడం. పక్షవాతమా? పురుగుమందు ప్రభావమా? ఒక్కో అనుమానాన్నీ ఎందుకు కొట్టేస్తున్నారో విద్యార్థులే చెప్పాలి. యాంటీ వెనమ్‌తో పాటు వెంటిలేటర్ ఎందుకు రెడీగా ఉంచాలో వాళ్లే తేల్చాలి.

ఆన్‌లైన్‌లో క్లాస్ ఎలా?

గ్రూపుకు 6 నుంచి 10 మంది చాలు. మొదటి వీడియో మీటింగ్‌లో తెలిసినవి, తెలియనివి అందరికీ కనిపించే బోర్డు మీద రాస్తారు. తర్వాత కొన్ని రోజులు ఎవరికి వారు చదువుకుంటారు. రెండో మీటింగ్‌లో ఆ చదివినదంతా కేసుకి అన్వయిస్తారు. ట్యూటర్ లెక్చర్ ఇవ్వరు, ప్రశ్నలు అడుగుతారు. వంద మందికి రికార్డెడ్ వీడియో పంపించేస్తే అది పీబీఎల్ అనిపించుకోదు.

మరో రెండు జాగ్రత్తలు కూడా ఉన్నాయి. సిగ్నల్ సరిగా లేని ఊళ్లలో ఉన్నవాళ్ల కోసం కేసును టెక్స్ట్, చిన్న ఫొటోలతో కూడా ఇవ్వాలి. నిజమైన పేషెంట్ వివరాలు వాడితే అనుమతి తీసుకుని, పేరు, ముఖం కనిపించకుండా చూడాలి.

ఎంబీబీఎస్ మొత్తం ఆన్‌లైన్‌లోనే చదవొచ్చా?

కుదరదు. కేవలం ఆన్‌లైన్‌లో నడిచే వైద్య కోర్సులను గుర్తించబోమని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే స్పష్టం చేసింది. కొవిడ్, యుద్ధం వల్ల చైనా, ఉక్రెయిన్ నుంచి తిరిగొచ్చి ఆన్‌లైన్ క్లాసులపై ఆధారపడ్డ తెలుగు విద్యార్థులకు ఇది పెద్ద చిక్కే తెచ్చింది.

కారణం సింపుల్. రోగం గురించి ఎలా ఆలోచించాలో స్క్రీన్ నేర్పగలదు. పొట్ట నొక్కి చూడటం, గుండె చప్పుడు వినడం, భయపడుతున్న పేషెంట్‌తో మాట్లాడటం మాత్రం వార్డులోనే వస్తాయి. వార్డులోకి వెళ్లేముందు సరైన ప్రశ్నలు అడగడం అలవాటు చేయడమే మంచి ఆన్‌లైన్ కోర్సు చేసే పని.