భూమి అంటే ఎంత?

"రెండెకరాల భూమి ఉంది" అంటాం, "భూమి గుండ్రంగా ఉంది" అనీ అంటాం. హీబ్రూ మాట 'ఎరెత్స్' కూడా అంతే: నేల, దేశం, లోకం. నోవహు జలప్రళయం మీద తగాదా చాలావరకు ఈ మాట దగ్గరే. ఆదికాండం 7లో 'ఎరెత్స్' మీద నీళ్లు ప్రబలి కొండలన్నీ మునిగాయి. సరే, 41లో కరువొస్తే 'ఎరెత్స్' అంతా ధాన్యం కొనడానికి యోసేపు దగ్గరికొచ్చింది. అమెరికా నుంచి కూడా వచ్చారా అని అక్కడ ఎవరూ అడగరు!

1659లో ఐజాక్ వోసియస్ అనే డచ్ పండితుడు, శిక్ష మనుషులకైతే మనుషుల్లేని చోట నీళ్లెందుకన్నాడు. ఈ తర్కం నాకు నచ్చింది. కానీ మునిగింది ఒక్క ప్రాంతమే అయితే ఓడెందుకు? పక్షుల్ని ఎక్కించడమెందుకు? నోవహు పక్క దేశానికి నడిచిపోతే సరిపోయేదిగా. కథ చెప్పినవాడు తనకు తెలిసిన లోకమంతా మునిగిందనే చెప్పాడని నా అనుమానం.