ఊడ్చేవాడూ, గోడా

ఏ ఆటకైనా నియమాలు చేసేది ఒకరు, పరిభాష పుట్టించేది మరొకరు. ఆ మరొకరు సాధారణంగా ఓడిపోయినవాళ్ళే!

1996లో జపాన్‌లో గేమ్‌బాయ్ మీద పోకెమాన్ ఆట వచ్చింది. 151 వింతజీవాలు. పట్టుకో, పెంచు, పోట్లాడించు – అంతే. పిల్లలాటే కదా అనుకున్నారు పెద్దలు. తీగ తగిలించి ఎదుటివాడితో ఆడితేగాని లోతు తెలియలేదు. నిప్పుజీవం నిప్పుదెబ్బే కొడితే బలం ఒకటిన్నర రెట్లవుతుంది. దాన్ని ఆటగాళ్ళు ‘స్టాబ్’ అన్నారు. వరసపెట్టి అందర్నీ ఊడ్చేసేది ‘స్వీపర్’. ఎంత కొట్టినా చలించనిది ‘వాల్’. ‘కౌంటర్’ వేరు, ‘చెక్’ వేరు సుమండీ! ఎదుటిదాని దెబ్బ కాచుకుంటూ దిగి కూడా గెలిచేది కౌంటర్. దెబ్బ తగలకుండా దిగితేనే గెలిచేది చెక్.

2006లో డైమండ్, పెర్ల్ ఆటలతో రంగంలో రాళ్ళు పరిచే విద్య వచ్చింది. పిల్లలకు ప్రాణమైన చారిజార్డ్ నిప్పుదీ, రెక్కలదీ కూడాను. పాపం, అడుగు పెట్టగానే సగం ప్రాణం పోయేది!

మరి బలహీనుల గతేమిటి? 2004లో మొదలైన స్మోగన్ అనే ఆటగాళ్ళ బృందం, ఎవరు దేన్ని ఎంతగా వాడుతున్నారో లెక్కగట్టి జీవాలను తరగతులుగా విడదీసింది. మితిమీరిన బలశాలి ‘ఊబర్’. ఆ పైతరగతికి చాలనివాటికి కింద వేరే బరులు. వినడానికి కులాల పట్టికలా ఉంటుంది గాని, జరిగింది తలకిందులు. పెద్దవాటి కాళ్ళకింద నలిగేవాటికి సమవుజ్జీలు దొరికారు. తనకిష్టమైన బక్కజీవంతో గెలవాలనుకునే కుర్రాడికి చోటు దొరికింది.

కటువుగా వినిపించే మాటలన్నీ కటువైనవి కావు మరి!