ఘానా ఉత్తరసీమ: జనము, భూమి, ఏరు

పశ్చిమాఫ్రికాలో గినియా సింధుశాఖ యొడ్డున ఘానా యను దేశము గలదు. ఆంగ్లేయుల యేలుబడిలో దీనికి గోల్డుకోస్టు, అనగా బంగారు తీరము, అని పేరు. 1957వ సంవత్సరము మార్చి 6వ తేదీన ఇది స్వతంత్రమైనది. ఆ దేశపు ఈశాన్యమూలనున్న యొక సీమను గూర్చి నేడు ముచ్చటింతము. దాని పేరు అప్పర్ ఈస్ట్, ముఖ్యపట్టణము బోల్గటాంగా. ఉత్తరమున బుర్కినా ఫాసో, తూర్పున టోగో దేశములు దీని కెల్లలు.

ఈ సీమ వైశాల్యము సుమారు 3,400 చదరపు మైళ్లు. 2021 జనాభా లెక్కలలో ఇచ్చట 13 లక్షల మంది యుండిరి. అనగా చదరపు మైలునకు 380 మందికి పైగా. ఫ్రాఫ్రా, కుసాసి, కసేనా, బుల్సా, తాలెన్సి మున్నగు తెగలవారు ఇందు వసింతురు. వర్షము ఏటికొక్క కారు మాత్రమే. మే నెల మొదలు అక్టోబరు వఱకు వానలు కురియును. పిమ్మట సహారా యెడారినుండి హర్మటాన్ అను పొడిగాలి దుమ్ముతో వీచును.

సజ్జ, జొన్న, వేరుసెనగ, అలసంద వారి ముఖ్యమైన పంటలు. మన మెట్టపొలములలో పండు సజ్జకు పుట్టినిల్లు పశ్చిమాఫ్రికాయే. 4,000 ఏండ్లకు పూర్వమే అచ్చటి రైతులు దానిని సాగునకు దెచ్చిరి. కావున ఆ దేశపు సేద్యగాండ్రు మనకు బొత్తిగా పరాయివారు కారు.

వారి యిండ్లు మన గ్రామములవలె ఒకచో గుమికూడి యుండవు. ఎవరి పొలము నడుమ వారి యిల్లు. గుండ్రని మట్టిగదులు కొన్ని గోడలతో గలిసి యొక యావరణ మగును. తండ్రి, కుమారులు, కోడండ్రు, మనుమలు అందు కాపురముందురు. ఇంటి పెంటయే ఎరువు. కనుక ముందుగా కోతకు వచ్చు సజ్జను ఇంటిచుట్టునే విత్తుదురు. భూమికి తెండాన అను పెద్ద గలడు. తొలుత ఆ నేలపై నిలిచినవారి వంశమువాడై, భూదేవతకు బలు లొసగుట అతని విధి.

ఇక వింత యొకటి గలదు. తెల్లవోల్టా, ఎఱ్ఱవోల్టా యను నదు లీ సీమలో ప్రవహించును. ఏటియొడ్డున నీరును నేలయు నుండగా, జనులు రాతిమెట్టలపై క్రిక్కిఱిసి, సారము చెడిన చెలకలను దున్నుచుండిరి. యువకులు దక్షిణమున కోకో తోటలకును, బంగారు గనులకును కూలికి పోవుచుండిరి. లోయలు మాత్రము పాడుపడి యుండెను. ఇది సోమరితనము కాదు, అజ్ఞానమును కాదు.

వడిగా పాఱు నీటిలో ఒక నల్లయీగ పుట్టును. దాని కాటువలన సూక్ష్మమైన పురుగు దేహమున జేరును. ఏండ్ల తరబడి కాట్లు పడినవానికి చూపు పోవును. దీనినే ఏటి గ్రుడ్డితనమందురు. కష్టించు వయసువారే అంధులైనచో సేద్యము సాగు టెట్లు? ఊరు క్రమముగా మెట్టకు వెనుదిరుగును. ఎఱ్ఱవోల్టా చెంతనున్న నాంగోడి ప్రాంతమును పరిశీలించి జాన్ హంటర్ అను భూగోళశాస్త్రజ్ఞుడు 1966లో ఒక యూహను ప్రకటించెను: నేల చాలక జనులు ఏటివైపు జరుగుదురు, చూపు పోయి మరలుదురు, మరల జరుగుదురు.

1974లో ప్రపంచారోగ్యసంస్థ మున్నగునవి ఈ యీగపై యుద్ధము నారంభించెను. హెలికాప్టరులనుండి నదులలో మందు చల్లి ఈగపిల్లలను చంపిరి. 1987 మొదలు ఐవర్‌మెక్టిన్ అను బిళ్లలను దాని తయారీదారులు ఉచితముగా నొసగిరి. 2002లో ఆ ప్రణాళిక ముగియునాటికి పశ్చిమాఫ్రికాలో 6 లక్షల మందికి గ్రుడ్డితనము తప్పినదనియు, సుమారు 6 కోట్ల యెకరముల నేల మరల సాగుకు యోగ్యమైనదనియు ఆ సంస్థ లెక్క. వ్యాధి పూర్తిగా సమసిపోలేదు. బిళ్లల పంపిణీ తరువాతను సాగినది.

పటములో ఖాళీగా గానవచ్చు నేల నెల్ల ఎవరికిని అక్కఱలేని నేల యని తలంపరాదు. అచ్చటినుండి జనులు ఏల తొలగిరో అడిగి తెలిసికొనవలెను. దేశచరిత్ర రాజుల యుద్ధములలోనే కాక, ఇట్టి చిన్న యీగ కాటులోను దాగియుండును.