యిన్‌యాంగ్‌హువో ఆకు పుట్టుపూర్వోత్తరాలు

యిన్‌యాంగ్‌హువో చైనా కొండ అడవుల్లో చెట్ల నీడన పెరిగే చిన్న మొక్క. శాస్త్రీయంగా ఇది ఎపిమీడియం ప్రజాతికి చెందింది. ఆయుర్వేదంలోని దారుహరిద్ర కూడా ఈ ప్రజాతి ఉన్న వృక్ష కుటుంబానిదే. హృదయాకారపు ఆకులకు అంచుల వెంట సన్నని ముళ్లుంటాయి. మందుకు వాడేది ఎండబెట్టిన ఈ ఆకునే.

సుమారు 2,000 ఏళ్ల నాటి 'షెన్నోంగ్ బెన్‌సావో జింగ్' అనే ఔషధ గ్రంథం దీన్ని అంగస్తంభన లోపానికి, మూత్రబాధలకు, ఒంటి సత్తువకు చెప్పింది. తర్వాత తావో హోంగ్‌జింగ్ (456–536) తన వ్యాఖ్యలో, సిచువాన్ ప్రాంతంలో ఈ ఆకు మేసిన 'యిన్‌యాంగ్' అనే జంతువు రోజుకు వందసార్లు జతకడుతుందని రాశాడు. అతిశయోక్తే అయినా, మొక్కకు పేరు దానివల్లే వచ్చింది.

అయితే దీన్ని కేవలం కామోద్దీపనకే పరిమితం చేయడం సరికాదు. 805లో రాజధాని నుంచి యోంగ్‌ఝౌకు వెళ్లగొట్టబడిన కవి లియు జోంగ్‌యువాన్, కాళ్లలో బలం తగ్గి, ఈ మొక్కను స్వయంగా పెంచుకుని దానిపై కవిత రాశాడు. చైనా వైద్యంలో మగసిరి, ఎముకల బలం రెండూ మూత్రపిండాల శక్తికి చెందినవే కాబట్టి ఒకే ఆకు రెండింటికీ మందైంది. లైంగిక బలహీనతకు ఇచ్చేటప్పుడు ఆకును గొర్రె కొవ్వులో వేయిస్తారు. ఈ పద్ధతి నేటి చైనా అధికారిక ఔషధ సంహితలోనూ ఉంది.

ఆకులోని ముఖ్య పదార్థం ఇకారిన్. అంగంలోకి రక్తప్రవాహాన్ని తగ్గించే పీడీఈ5 ఎంజైమును ఇది అడ్డుకుంటుంది. 1998లో అమెరికాలో అనుమతి పొందిన సిల్డెనాఫిల్ (వయాగ్రా) పనిచేసేదీ ఇలాగే. కానీ 2008లో మిలాన్ విశ్వవిద్యాలయ పరిశోధకుల ప్రయోగశాల పరీక్షలో ఇకారిన్ సిల్డెనాఫిల్ కంటే సుమారు 80 రెట్లు బలహీనమని తేలింది. దాన్ని రసాయనికంగా మార్చి తయారుచేసిన ఒక రూపం మాత్రం సిల్డెనాఫిల్‌కు దీటుగా నిలిచింది. 2010లో అమెరికా పేటెంట్ అప్పీళ్ల బోర్డు, ఈ ఆకు వాడకం ముందునుంచే ఉందన్న కారణం చూపి, వయాగ్రా తయారీ సంస్థ ఫైజర్ పేటెంటులోని విస్తృతమైన హక్కును చెల్లదంది. పాత గ్రంథాల విలువకు ఇంతకంటే గట్టి గుర్తింపు అక్కర్లేదు.

మనుషులపై జరిగిన నమ్మదగిన పరీక్షలు మాత్రం చాలా తక్కువ. పైగా 'సహజం' పేరుతో అమ్మే మాత్రల్లో రహస్యంగా సిల్డెనాఫిల్ కలిపిన ఉదంతాలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ పదేపదే బయటపెట్టింది. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవారికి అలాంటి కల్తీ వల్ల రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చు. కాబట్టి ఇటువంటి మాత్రలను వైద్యుని అడగకుండా వేసుకోవద్దు.