రంగాపూర్ రాత్రులు, జంట నక్షత్రాలు

దమ్మాయిగూడ, నాచారం, ఉప్పల్ పిల్లలకు హైదరాబాద్‌లోని ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్ పొరుగు వీధి లాంటిది. అక్కడి ఖగోళశాస్త్ర విభాగానికి మూలమైన నిజామియా వేధశాలకు 125 ఏళ్లు నిండుతున్నాయంటే మాత్రం చాలామంది ఆశ్చర్యపోతారు. 1901లో నవాబ్ జాఫర్ జంగ్ ఫిసల్‌బండలో సొంత డబ్బుతో దాన్ని నెలకొల్పారు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, బేగంపేటకు మారింది, 1919లో ఉస్మానియాకు దక్కింది. వేధశాల డైరెక్టర్ భాస్కరన్ తర్వాత ఆ పదవికి వచ్చిన అక్బర్ అలీ 48 అంగుళాల దూరదర్శిని తలపెట్టారు. అది ఆ తర్వాత డైరెక్టరైన అభ్యంకర్ గారి హయాంలో, 1968లో, జపాల్-రంగాపూర్‌లో నిలబడింది.

అక్కడ అభ్యంకర్, ఖగోళ శాస్త్రవేత్త ఎం.బి.కె. శర్మ, వారి విద్యార్థులు ఎక్కువగా పట్టుకున్నది జంట నక్షత్రాలనే. ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతూ అవి ఒకదాన్నొకటి కప్పేసినప్పుడు, అంటే గ్రహణం పట్టినప్పుడు, వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలను ఫోటోమీటరుతో కొలుస్తారు. వర్ణపటంలోంచి వేగాలు కూడా దొరికితే రెండింటి బరువులు, సైజులు లెక్కకొస్తాయి.

నన్ను ఎప్పటికీ వదలని విషయం వేరొకటి ఉంది. జంట కక్ష్య కోడిగుడ్డు ఆకారంలో ఉంటే, ఆ ఆకారమే మెల్లగా దిశ మార్చుకుంటుంది. ఒకదాని ఆకర్షణకు రెండోది ఉబ్బడం అందుకు ముఖ్య కారణం. హంసరాశిలోని వై సిగ్నీ జంట సుమారు మూడు రోజులకో చుట్టు తిరుగుతుంది. దాని కక్ష్య ఒక పూర్తి మలుపు తిరగడానికి దాదాపు 48 ఏళ్లు. పదార్థమంతా నడిబొడ్డున ఎంత గట్టిగా పేరుకుంటే ఆ మలుపు అంత నెమ్మదిస్తుంది. అంటే గ్రహణాల సమయాలు ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్నవాడు నక్షత్రం లోపలి నమూనాను పరీక్షించగలడు.

డిఐ హెర్క్యులిస్ అనే మరో జంట విషయంలో మాత్రం లెక్క కుదరలేదు. మలుపు అనుకున్నదానికంటే చాలా నెమ్మది. మలుపులో కొంత వాటా సాపేక్షత వల్ల కూడా వస్తుంది కాబట్టి ఐన్‌స్టీన్ సిద్ధాంతం మీదే అనుమానాలు వచ్చాయి. ఆ రెండు నక్షత్రాల భ్రమణాక్షాలు బాగా వాలిపోయి ఉన్నాయని 2009లో తేలింది. ఆ వాలును లెక్కలో కలిపాక నమూనా, సిద్ధాంతం రెండూ నిలిచాయి. అసలు ప్రశ్న లేవనెత్తింది మాత్రం దశాబ్దాలుగా పోగైన గ్రహణ సమయాలే.

అందుకే నా కోరిక ఒకటి. బేగంపేటలో తీసిన ఆకాశపు ఫోటో పలకలు, రంగాపూర్ కాంతి నమోదులు ఎన్ని మిగిలి ఉంటే అన్నిటినీ స్కాన్ చేయించి, ప్రతి కొలతకూ తేదీ, సమయం జతచేసి అందరికీ అందుబాటులో పెట్టాలి. వేధశాల పేరిట ఏ నిధి వచ్చినా ముందు దానికే ఖర్చు పెట్టాలి.