శిస్తు కోసం రాసిన జాబితా: పల్నాడులో రైతు ఎవరు?



పల్నాడు భూమి మీద రాస్తున్న ఈ వరుసలో ఇవాళ డబ్బు గురించి మాట్లాడుకుందాం. ప్రభుత్వం నేరుగా రైతు ఖాతాలో వేసే డబ్బు. దీని మీద రెండు మాటలు వింటుంటాం. "ఊరికే డబ్బులిచ్చి జనాన్ని సోమరుల్ని చేస్తున్నారు" అనేది ఒకటి. ఎరువుల కొట్టు ముందు అప్పు కోసం ఎన్నడూ నిలబడనివాళ్లు అనే మాట ఇది. "రైతు బతుకు మారిపోయింది" అనేది రెండోది. ఇలా అనేవాళ్లు ఏ రైతు అని అడగరు. మనం అడుగుదాం.

ముందు క్రమం చూద్దాం. 2018 మే 10న తెలంగాణలో హుజూరాబాద్ దగ్గర రైతుబంధు మొదలైంది. సీజనుకు ఎకరానికి 4,000 రూపాయలు, తర్వాత 5,000. 2019 ఫిబ్రవరిలో కేంద్రం పీఎం కిసాన్ తెచ్చింది. ఏడాదికి 6,000, మూడు విడతల్లో. అదే ఏడాది అక్టోబర్ 15న మన రాష్ట్రంలో వైఎస్సార్ రైతు భరోసా వచ్చింది. కేంద్రం సొమ్ముతో కలిపి ఏడాదికి 13,500. ప్రభుత్వం మారాక 2025 ఆగస్టు 2న దర్శి దగ్గర అన్నదాత సుఖీభవ మొదలుపెట్టారు. ఈసారి కేంద్రం సొమ్ముతో కలిపి 20,000.

13,500ని 365తో భాగిస్తే రోజుకు 37 రూపాయలు. ఇంత చిన్న మొత్తంతో ఏం మారుతుంది? మారేది ఉంది. అది తెలియాలంటే మన దగ్గర సేద్యం ఎలా నడుస్తుందో చూడాలి.

1967లో నాగార్జునసాగర్ నీళ్లు కుడికాలువలోకి వచ్చాక పల్నాడు సేద్యం మారిపోయింది. కాలువ కింద వరి, మిగతా చోట్ల పత్తి, మిరప. పత్తికీ మిరపకీ పెట్టుబడి ఎక్కువ. విత్తనం దగ్గర్నుంచి పురుగుమందు దాకా అన్నీ కొనాల్సిందే. చేతిలో డబ్బు లేనివాడు కొట్టులో అప్పు పెడతాడు. అప్పుకి ఒక ధర, రొక్కానికి ఒక ధర. ఏ మందు ఇస్తే అదే తీసుకోవాలి. మిరపకాయ గుంటూరు యార్డుకి వెళ్లినా, అప్పిచ్చినవాడు చెప్పిన కొట్లోనే దింపాలి. అలాంటప్పుడు తొలకరికి ముందు మే నెలలో 7,500 ఖాతాలో పడితే, కనీసం విత్తనం రొక్కానికి కొనొచ్చు. నచ్చిన కొట్టుకి పోవచ్చు.

మన పల్లెలకి ఇది ఇంకా పెద్ద విషయం. చాలా ఊళ్లలో అప్పిచ్చేవాడు, కూలికి పిలిచేవాడు, కౌలుకి పొలమిచ్చేవాడు ఒక్కడే. అతని ముందు చేతులు కట్టుకు నిలబడే అవసరం ఒక్కసారి తప్పినా, రేపు కూలి రేటు దగ్గర గొంతెత్తి మాట్లాడే ధైర్యం వస్తుంది.

ఇంకో సంగతి. ఎకరాకింత అని లెక్కగట్టిన రైతుబంధులో ఎకరా ఉన్నవాడికి ఏడాదికి 10,000 వస్తే, పది ఎకరాలున్నవాడికి లక్ష వచ్చింది. కుటుంబానికింత అని ఇచ్చే మన పద్ధతిలో అరెకరం మాదిగ రైతుకీ పదెకరాల ఆసామికీ ఒకే మొత్తం. చిన్న కమతాలే ఎక్కువగా ఉన్న మన కులాలకి ఇదే మెరుగు. మంచిని మంచి అనే చెప్పాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. పల్నాటి కథ చెప్పుకునేటప్పుడు బ్రహ్మనాయుడి చాపకూడు గురించీ, సేనాని కన్నమదాసు గురించీ మనం గర్వంగా చెప్పుకుంటాం. ఒకే చాప మీద కూర్చుని తినడం గొప్పే. కానీ ఆ కూడు పండిన చేను ఎవరి పేరున ఉంది?

బ్రిటిష్ వాళ్లకి కావలసింది శిస్తు. మద్రాసు ప్రెసిడెన్సీలో రైత్వారీ పద్ధతి పెట్టినప్పుడు, శిస్తు ఎవరి దగ్గర వసూలు చేయాలో వాడి పేరు రాసుకున్నారు. వాడే పట్టాదారు, వాడే రైతు. నాగలి పట్టిన పాలేరు ఆ జాబితాలో లేడు. 1921లో ఇదే పల్నాడులో పశువుల మేతకి పుల్లరి కట్టమంటే జనం తిరగబడ్డారు. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతుని కాల్చి చంపారు. ఆనాటి సర్కారు తీసుకోవడానికి వచ్చింది, ఈనాటిది ఇవ్వడానికి వస్తోంది. చేతిలో ఉన్న జాబితా మాత్రం పాతదే. వసూలు కోసం రాసిన పట్టాదారు పేరు మీదే పీఎం కిసాన్ సొమ్ము పడుతోంది.

మాచర్ల వైపు మూడెకరాలు కౌలుకి తీసుకుని పత్తి వేసిన మాల కుటుంబాన్ని ఊహించండి. కౌలు ముందే కట్టాలి. అప్పు వాళ్లది, వాన రాకపోతే నష్టం వాళ్లది. మెసేజ్ మాత్రం గుంటూరులోనో హైదరాబాద్‌లోనో ఉన్న యజమాని ఫోనుకి వస్తుంది.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. 2011లో వచ్చిన చట్టం కింద యజమాని సంతకంతో పని లేకుండానే కౌలుదారుకి రుణ అర్హత కార్డు ఇవ్వొచ్చు. దాన్ని తీసేసి 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. 11 నెలల ఒప్పందం, దాని మీద యజమాని సంతకం తప్పనిసరి. రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకి కూడా 13,500 ఇస్తామన్నారు. అది నిజంగా ముందడుగు. కానీ కార్డు లేనిదే డబ్బు లేదు, సంతకం లేనిదే కార్డు లేదు. వచ్చే ఏడు పొలం ఇంకొకడికి ఇచ్చేయగల మనిషిని సంతకం పెట్టమని పల్లె నుంచి వెళ్లి ఎవరు అడగగలరు? భూమి పోతుందని యజమానికి భయం, కౌలే పోతుందని మనకి భయం.

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. పత్తి తీసేది, మిరపకాయ కోసేది వాళ్లే. పట్టా ఎక్కువగా మగవాడి పేరున, ఖాతా అతని పేరునే. బ్రెజిల్‌లో 2003లో మొదలైన బోల్సా ఫమీలియా పథకంలో డబ్బు ముఖ్యంగా తల్లుల పేరున ఇచ్చారు. ఎవరి పేరున ఇవ్వాలన్నది ప్రభుత్వం నిర్ణయించుకోగలదని దీన్నిబట్టి తెలుస్తుంది.

అంబేడ్కర్ 1947లో "స్టేట్స్ అండ్ మైనారిటీస్"లో వ్యవసాయ భూమి రాజ్యానిదై ఉండాలని, కులంతో పని లేకుండా ఊరివాళ్లకి ఉమ్మడి సేద్యానికి ఇవ్వాలని, అప్పుడు భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే తేడా ఉండదని ప్రతిపాదించారు. దాన్ని పక్కన పెట్టేసిన దేశంలో, 20,000 పంచి భూమి ప్రశ్న తీరిపోయిందంటే నమ్మొద్దు. అలాగని ఆ 20,000ని ఎగతాళి చేయొద్దు. అది మనకి రావలసిన డబ్బు.

విద్యార్థి మిత్రులకి ఒక పని చెబుతాను. సెలవులకి ఊరెళ్లినప్పుడు అడంగల్ తీసి చూడండి. పట్టాదారు గడి ఉంటుంది, అనుభవదారు గడి కూడా ఉంటుంది. రెండో గడిలో ఎవరి పేరుందో, ఆ పొలంలో నిజంగా ఎవరు దున్నుతున్నారో సరిచూసి రాసుకోండి. ఆ జాబితాతో గ్రామసభలో నిలబడి మూడే అడగండి: యజమాని సంతకం లేకుండా, సభలో అందరి ముందూ విచారించి కార్డు ఇవ్వాలి. ఆ కార్డు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలి. డబ్బు తొలకరికి ముందే పడాలి.

వచ్చే భాగంలో డి-పట్టా భూములు, 1977 చట్టం, కోనేరు రంగారావు కమిటీ.

జై భీమ్.