అద్దె ఇల్లు: రుజువు మిగలని చరిత్ర

నగర చరిత్ర రాసేవాళ్లు కోటల గురించి, వంతెనల గురించి, మిల్లుల గురించి రాస్తారు. ఆ నగరానికి బతకడానికి వచ్చిన మనిషి రెండు గదులు ఎలా సంపాదించాడన్నది చాలావరకు ఆ చరిత్రకు వెలుపలే ఉండిపోతుంది. దీనికి కారణం వెతికే ముందు నా సంగతి ఒకటి చెప్పుకోవాలి.

1982లో హైదరాబాదు విద్యానగర్‌లో నేనూ, నాతోపాటు కాలేజీలో పాఠాలు చెప్పే మిత్రుడూ ఇళ్లు వెతుక్కుంటున్నాం. ఒక గేటుకు టులెట్ బోర్డు కనిపించింది. రెండు గదులు, వంటిల్లు, అద్దె 250 రూపాయలు. మిత్రుడికి నచ్చింది. ఇంటాయన అడ్వాన్సు మాట ఎత్తకముందే "మీరేమిట్లు?" అన్నాడు. మాలవాళ్లమని మిత్రుడు దాచకుండా చెప్పాడు. "మా మేనల్లుడు దిగుతానన్నాడండీ, వాడి ఉత్తరం వచ్చాక చెబుతాను" అన్నాడాయన. వారం తర్వాత కూడా బోర్డు అక్కడే ఉంది. ఈసారి నేనొక్కణ్ణే వెళ్లాను. నా ఇంటిపేరు విని తాళంచెవి ఇచ్చాడు. ఆ ఇంట్లో నాలుగేళ్లున్నాను. మేనల్లుడి సంగతి నేనెప్పుడూ అడగలేదు. మిత్రుడు ఉప్పల్ నుంచి బస్సులో వచ్చేవాడు. నేను ఆ ఇంట్లో దిగానని తెలిశాక "నీళ్లు బాగా వస్తాయా?" అని మాత్రం అడిగాడు.

ఇళ్ల సమస్య మీద 1872లో రాస్తూ ఎంగెల్స్, ఇంటి యజమానికీ అద్దెదారుకూ మధ్య జరిగేది మామూలు సరుకు మారకమేననీ, దాన్ని పెట్టుబడిదారుకూ కార్మికుడికీ ఉన్న సంబంధంతో సమానం చేయకూడదనీ వాదించాడు. మన దేశంలో ఈ సూత్రాన్ని ఉన్నదున్నట్టు అప్పగించుకుంటే కుదరదు. డబ్బు చేతిలో పట్టుకుని నిలబడినా సరుకు దొరకని మనిషి ఇక్కడ ఉన్నాడు. మారకం మొదలుకాకముందే కులం తన ప్రశ్న అడుగుతుంది.

1917లో అంబేద్కర్ విదేశాల్లో చదివి బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వచ్చారు. హిందూ హోటళ్లలో తనకు చోటివ్వరని తెలిసి, ఒక పార్శీ సత్రంలో పార్శీ పేరుతో చేరారు. పదకొండో రోజు ఉదయం కొందరు పార్శీలు కర్రలతో వచ్చి, సాయంత్రంలోగా ఖాళీ చేయాలని హెచ్చరించారు. ఒక హిందూ మిత్రుణ్ణి, ఒక క్రైస్తవ మిత్రుణ్ణి అడిగినా ఆశ్రయం దొరకలేదు. ఆ రాత్రే రైలెక్కి బొంబాయి వెళ్లిపోయారు. ఇదంతా ఆయన స్వయంగా రాశారు. రాయకపోతే సంస్థానపు దస్తరాల్లో ఉద్యోగం వదిలేశాడన్న మాట ఒక్కటే మిగిలేది.

మరి చట్టాలు ఏం చేశాయి? 1960 నాటి ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టం న్యాయమైన అద్దె నిర్ణయించడానికి వీలు కల్పించింది. తగిన కారణం లేకుండా ఖాళీ చేయించడాన్ని అడ్డుకుంది. కానీ 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన ఇళ్లను తన పరిధిలోంచి తప్పించింది. అంటే రాష్ట్రం ఏర్పడ్డాక రాజధానికి వచ్చిన జనం కోసం లేచిన కొత్త ఇళ్లలో చాలావాటికి ఆ చట్టం వర్తించలేదు. 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టివేసింది. అయినా ఈ చట్టం కాపాడేది గడప దాటినవాణ్ణే. గడప బయట నిలబడ్డవాడికోసం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఉంది; 1976 వరకు దాని పేరు అంటరానితనం నేరాల చట్టం. ఏ పేటలోనైనా ఇంట్లో కాపురం ఉండనీయకుండా అంటరానితనం కారణంగా అడ్డుకోవడం ఆ చట్టం ప్రకారం నేరం. అయితే ఇంటాయన "నీ కులం వల్ల ఇవ్వను" అనడు, మేనల్లుడంటాడు. అద్దెకు రసీదు ఉంటుంది కాని, ఆ అబద్ధానికి రసీదు ఉండదు. కోర్టుకు చూపడానికి కాగితం లేదు, చరిత్రకారుడికీ లేదు.

ఇక్కడే రచయిత బాధ్యత మొదలవుతుంది. అద్దె ఇంటి కష్టాల మీద మనకు హాస్య కథలు చాలానే ఉన్నాయి. నీళ్ల కుళాయి, కరెంటు బిల్లు, ఇంటావిడ సణుగుడు. అవన్నీ లోపలికి వెళ్లగలిగినవాళ్ల కథలు. గేటు దగ్గరే ఆగిపోయినవాళ్ల కథను దళిత రచయితలు రాస్తూ వచ్చారు. తాళంచెవి అందుకున్నవాళ్లం మాత్రం ఆ గేటు దగ్గర చూసింది రాయలేదు. ఇప్పుడు ఆ ప్రశ్న "మీరు వెజిటేరియన్లేనా?" అని వేషం మార్చుకుంది. సమాధానం మాత్రం పాతదే.

రుజువు లేదని నేను చాలాకాలం అనుకున్నాను. ఆ రోజు ఆ గేటు దగ్గర మిత్రుడి పక్కన నిలబడి విన్నవాణ్ణి నేనే. వారం తర్వాత అదే గేటు తీసుకుని లోపలికి వెళ్లినవాణ్ణీ నేనే.